కాలేజీలో షూటింగ్ అంట

“సినిమా షూటింగ్ అయితే అంతమంది పోలీసులెందుకే పిల్లా?” టీవీ వైపు చూస్తా అడిగింది అప్పలమ్మ.

“జనం మీద పడిపోతారు కదా అత్తయ్యా. ఆపడానికి,” అంది ప్రసన్నలక్ష్మి. ఎనిమిదో నెల. పొట్ట మీద చెయ్యేసి గట్టిగా పట్టుకుంది.

టీవీలో కనపడేది అమెరికాలో ఒక యూనివర్సిటీ. ఎవడో కుర్రాడు తుపాకీ తీసుకుని క్లాసులోకి వెళ్ళి కాల్చేశాడు. చాలామంది పోయారు. పేర్లు ఇంకా చెప్పట్లేదు. ప్రసన్న మొగుడు హరికృష్ణ సింగపూర్లో కంప్యూటర్ల మీద రిసెర్చి చేస్తాడు. ఆ పని మీదే మూడు నెలలకి ఆ యూనివర్సిటీకే వెళ్ళాడు. కానుపుకి వచ్చేస్తానన్నాడు. ఇప్పుడు సెల్లు ఎత్తట్లేదు.

పొద్దున్న టీవీ పెట్టగానే ప్రసన్న “షూటింగ్, హరి కాలేజీలో షూటింగ్” అని కేకేసింది. తడి జుట్టు ముడేసుకుంటా వంటింట్లోంచి తొంగి చూసింది అప్పలమ్మ. “సినిమా షూటింగా?” అనడిగింది. విజయనగరం పక్కన పల్లెటూరు ఆవిడది. కోడలి కానుపు కోసం వచ్చింది. బీపీ మనిషి. ప్రసన్న ఒక్క నిమిషం ఆగి “అవునత్తయ్యా” అనేసింది. ఇంక సింగపూర్ సెంబవాంగ్‌లో ఉన్న ఆ ఫ్లాట్‌కి ఎవరొచ్చినా గుమ్మంలోనే చెవిలో చెప్పింది, మా అత్తకి తెలియదు, సినిమా అనుకుంటోంది, అలాగే ఉండనివ్వండని.

వచ్చింది ఇద్దరే. హరితో పనిచేసే మహీధర్, కింద ఫ్లోర్లో ఉండే జనార్ధనరావు అంకుల్. మహీధర్ కాలింగ్ కార్డు గీకి సెల్లు నుంచి చేస్తానే ఉన్నాడు. లైన్లన్నీ బిజీ.

“ఆయన అక్కడ తెలుగువాళ్ళందరికీ ఈ ఇంటి నంబరే ఇచ్చారు. ఏదున్నా దీనికే చేస్తారు,” అని మూలనున్న ఫోను చూపించింది ప్రసన్న.

ఆ ఫోను పక్కనే గోడకి ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది అప్పలమ్మ. మహీధర్ రిసీవర్ ఎత్తి చెవిన పెట్టుకున్నాడు. చప్పుడు లేదు.

“ఇది డెడ్ అయిపోయింది.”

“ఇల్లు తుడిసినప్పుడు నీళ్ళు పడ్డాయి బాబూ. ఆరితే అదే పలుకుతాది.”

“నేనొచ్చినప్పుడే చూశా. కంపెనీ వాళ్ళకి చెప్పా లా, సాయంత్రం మనిషొస్తాడంట,” అన్నాడు జనార్ధనరావు. ఆయన ఈ ఊరొచ్చి చాలా ఏళ్ళయింది, ఇక్కడి వాళ్ళ మాదిరి అప్పుడప్పుడు మాట చివర ‘లా’ తగిలిస్తాడు. తర్వాత ఆయనే మహీధర్ పక్కకొచ్చి గొంతు తగ్గించి, తుపాకీ అన్న మాట రాకుండా అన్నాడు. “అక్కడ సామాను బజార్లో దొరుకుద్దయ్యా, టమాటాలు కొన్నట్టు. ఇక్కడైతే సామాను పట్టుకుని పేల్చినోడికి ఉరి. అందుకే అర్ధరాత్రి ఆడపిల్ల ఒక్కతే నడిచొస్తది.”

“అక్కడి వాళ్ళు వేరేలా అంటారంకుల్. క్లాసులో ఇంకొకడి దగ్గర కూడా సామాను ఉంటే వాణ్ణి ఆపేవాడు కదా అని.”

“రెండు సామాన్లు పేలితే ఇంకో ఇద్దరు పోతారు గానీ, ఆపేదేంటి నీ మొహం?”

“ఏ సామాను బాబూ?” అంది అప్పలమ్మ.

ఇద్దరూ గతుక్కుమన్నారు. “సినిమా సామానమ్మా,” అన్నాడు మహీధర్. “ఆ టీవీలో తుపాకులు. బొమ్మవి.”

“బొమ్మవేనా, అయితే సరే.” ఇంకో చిక్కుడుకాయ తుంపింది. “మా ఊర్లో పందుల్ని కొట్టడానికి ఓ నాటు తుపాకి ఉండీది. పోలీసోళ్ళు పట్టుకుపోనారు. ఆ ఏడు పందులు పెండలం దుంపల చేనంతా తవ్వీసినాయి. మా మామ లబలబలాడినాడు. మరుసటేడు మళ్ళీ ఏసుకున్నాం. చేనే కదా.”



ప్రసన్న లేచి దేవుడి గూటి దగ్గరికి నడిచింది. “ఈవేళ దీపం పెట్టలేదేంటత్తయ్యా?”

“అగ్గిపెట్టె తడిసిపోనాది.”

“నా దగ్గర లైటరుంది, నేను పెడతాలెండి.”

“ఒద్దు.” అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ అనలేదు. తర్వాత తగ్గింది. “నువ్వు ఒంగకు తల్లీ. ముందు రెండు ముద్దలు తిను. కడుపులో బిడ్డకి షూటింగులు తెలీవు.”

అన్నం కలిపి ముద్దలు చేసి కోడలి చేతిలో పెట్టింది. తినకపోతే అత్తకి అనుమానం వస్తాదని ప్రసన్న మింగింది. తిన్నాక అప్పలమ్మ ఫ్రిజ్జులోంచి మొన్న లిటిల్ ఇండియాలో కొన్న మల్లెపూల పొట్లం తీసింది. దండ మొత్తం కోడలి జడలో పెట్టి, నుదుట బొట్టు సరిచేసింది.

“అన్నీ ఇవాళే పెట్టేశారేంటి? రేపటికి ఉంచాల్సింది.”

“ఉంచుకోకే. పెట్టుకో.”

కాసేపు కోడలి మొహమే చూస్తా కూర్చుంది. తర్వాత గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టి, నిద్ర పట్టేదాకా పాదాలు రాసి, తలుపు చేరేసి వచ్చింది. మళ్ళీ ఫోను పక్కనే కూర్చుంది. జనార్ధనరావు టీ కోసం కిందకి వెళ్ళాడు.

“ఎంత గుండె నిబ్బరమో ఆ అమ్మాయికి,” అనుకుంటా మహీధర్ కిందపడ్డ ఈనెలు ఏరడానికి వంగాడు. అప్పలమ్మ చీర కుచ్చిళ్ళ కింద ఫోను వైరు కనపడింది. గోడ ప్లగ్గులోంచి బయటికొచ్చేసి ఉంది.

“అమ్మా, ఫోను పాడవలేదు. వైరు ఊడింది, అంతే.” కుర్రాడి మొహం వెలిగింది. “పెట్టేస్తానుండండి. ఈపాటికి హరి ఎన్నిసార్లు చేసుంటాడో.”

అప్పలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. పసరంటిన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

“పిల్ల లేచీదాకా ఉండనీ బాబూ.”

“ఈలోపు అక్కణ్ణుంచి కబురొస్తే?”

“కబురు తెల్లారగట్టే వచ్చీసింది బాబూ.”