నడికట్టు

పెద్దమేస్త్రీ ఉస్తా కమోల్ కాలెత్తి తన్నాడు. పొద్దుటి నుంచి పేర్చిన గోడ తడి మాలుతో సహా కూలిపోయింది. ఆ వెంటనే చేతిలోని రసమట్టం ఫర్రూఖ్ వీపు మీద పడింది.

"గోడ కట్టమంటే పాము పాకినట్టు కట్టావేంట్రా, గాడిదా!"

ఇంకొకటి. ఇంకొకటి. ఎంత కోపంలోనూ ఉస్తా లెక్క తప్పడు. తల మీద కొట్టడు, చేతుల మీద కొట్టడు. మేస్త్రీకి పనికొచ్చేవి ఆ రెండే. దెబ్బలన్నీ వీపుకే.

ఫర్రూఖ్ పిల్లాడేం కాదు. ముప్ఫై దాటినవాడు, ఎద్దులాంటి మనిషి. ఇస్ఫరాలో వాడికి ఇంకెవరూ పని ఇవ్వరు. ఉస్తా తన చేత్తో నడుముకు గుడ్డ కట్టి దీవిస్తే మేస్త్రీ అవుతాడు. ఆ నడికట్టు పడకపోతే జన్మంతా ఇటుకలు మోయాల్సిందే.

ఇటుకల లారీ నడిపే ఎర్గాష్ ఆ ఊరికి కొత్త. చూడలేక అడిగాడు.

"ఒక్కసారి తిరిగి కొట్టొచ్చుగా అన్నా? ముసలాయన గాల్లో తేలతాడు."

ఫర్రూఖ్ కొరుక్కున్న పెదవి తుడుచుకున్నాడు. "ఆయన తక్కువే కొడుతున్నారు తమ్ముడూ," అని మళ్ళీ ఇటుక అందుకున్నాడు.

శుక్రవారం నాడు ఫర్రూఖ్ కట్టిన గేటు కమాను కింద చెక్కలు లాగేశారు. ఉస్తా దాని మీదికెక్కి గట్టిగా గెంతి చూశాడు. ఒక్క ఇటుకా కదల్లేదు. కిందికి దిగి సంచిలోంచి ఎర్రగుడ్డ తీశాడు.

అప్పుడే ముగ్గురు మగవాళ్ళు గడ్డపారలతో లోపలికొచ్చారు.

"ఆ నడికట్టు వీడికా?" అందరిలో పెద్దవాడు అరిచాడు. "తప్పుకో! వీణ్ణి ఇక్కడే పూడ్చేస్తాం."

"పూడ్చి ఏం బావుకుంటార్రా? గోడలు మీరు లేపుతారా? తాపీ పట్టడం చేతకాని వెధవలు! నా పనికి ఒక చెయ్యి తగ్గింది. ఆ చెయ్యి వీడిదే కావాలి. ఇంటికి పోయి మీ అమ్మ కాచిన షూర్బా తాగండి, పొండి!"

"నీకు సిగ్గు లేదా?"

గడ్డపార లేచింది. ఫర్రూఖ్ పారిపోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు.

దెబ్బ తల మీద పడలేదు. అడ్డం వచ్చిన ఉస్తా కుడిచెయ్యి ఎండుపుల్లలా విరిగింది. రెండోవాడు ఫర్రూఖ్‌ని డొక్కలో తన్నాడు. ఉస్తా ఎడమచేత్తో తాపీ విసిరితే వాడి దవడ చీలింది. మూడోవాడు వేలాడుతున్న ఉస్తా చేతిని చూసి అక్కడే నిలబడిపోయాడు. పెద్దవాడు గడ్డపార కింద పడేశాడు. ముగ్గురూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఉస్తా ఒక చేత్తో గుడ్డ చుట్టి, పళ్ళతో ముడి బిగించి, ఫర్రూఖ్‌కి నడికట్టు కట్టాడు. తరువాత వాడి చెంప మీద చెళ్ళున ఒకటిచ్చాడు.

"మేస్త్రీవి అయ్యావు. పో, పని చూసుకో."

ఎర్గాష్ ఫోన్ తీశాడు. "పోలీసుల్ని పిలుస్తా. ఎవరు బాబాయ్ ఆ రౌడీలు?"

ప్లాస్టరింగ్ చేసే ముసలి రజబ్ ఫోన్ లాక్కున్నాడు.

"ఎవరి మీద చెప్తావురా, ఆ ముగ్గురూ ఉస్తా కన్నకొడుకులు, తండ్రి పని నేర్చిన నాలుగోవాణ్ణి పొడిచి చంపి జైలుకెళ్ళొచ్చినవాడు ఈ ఫర్రూఖ్!"