చాలనే మాట వినని కండ

నమ్మితే నమ్మండి, చంద్రప్ప పొట్టేలు మూడు రోజులుగా గడ్డి ముట్టకుండానే బలుస్తోంది. పొద్దున మెడతాడు వదులు చేస్తే పొద్దుగూకేసరికి మళ్లీ బిగుసుకుంటోంది.

మూడో రాత్రి చంద్రప్ప చిరాగ్‌పల్లి అవతల, అల్లం నాటబోయే చేనులో ఎరువు కోసం గొర్రెల మంద కట్టి, ఒంటరిగా కాపలా పడుకున్నాడు. చీకట్లో పొట్టేలు తాడు కిర్రుమంటుంటే నిద్ర పట్టక, పశువుల డాక్టరు ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

“ఇగ చాలు అని కండకు చెప్పే చిన్న ప్రోటీను ఒకటుంటది చంద్రప్పా. నీ పొట్టేలుకు అది పనిచేస్తలేదు. తాడు కోసెయ్యి, లేకుంటే ఊపిరాడక సస్తది.”

“గిది చెప్తే మా ఇంటిది నారమ్మ గూడ నవ్వుతది సారూ. తినకుంట కండ యాడికెళ్లి వస్తది?”

“గదే నాకు సమజైతలేదు. నువ్వైతే మంచిగ తింటున్నవా?”

“మూడొద్దుల సంది ఆకలైతలేదు.”

ముందు తాడు కోయమని చెప్పి డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

చంద్రప్ప లేచి తాడు కోశాడు. పొట్టేలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ప్రాణం దక్కిందనుకుని మళ్లీ వచ్చి గొంగడి కప్పుకున్నాడు. హైవే మీద లారీ ఒకటి పోయాక చేనంతా నిశ్శబ్దమైంది.

కిర్రుమనే చప్పుడు మాత్రం ఆగలేదు.

మందలో ఇంకే జీవానికీ తాడు లేదు. చెవి ఒగ్గి విన్నాడు. చప్పుడు గొంగడి లోపలి నుంచి వస్తోంది.

మొన్న భార్య నారమ్మ అతని జబ్బకు తాయెత్తు కట్టినప్పుడు కింద రెండు వేళ్లు దూరేవి. ఇప్పుడు గోరు కూడా దూరడం లేదు. గుంజి చూసేలోపే దారం పుటుక్కున తెగింది.

హమ్మయ్య అనుకోబోయాడు. నడుం దగ్గర మొలతాడు కిర్రుమంది.