ఓరిన్ దాచుకున్న మడుగు

"ఇక్కణ్ణుంచి కళ్లు మూసుకోవాలమ్మా," అన్నాడు ఓరిన్, తెడ్లు ఆపి.

పడవ ముందు బల్లమీద కూర్చున్న బ్యూలా వెనక్కి తిరిగి చూసింది. డెబ్బై దాటిన మనిషి. వానకోటులోంచి ముక్కూ కళ్లూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"నేనొచ్చింది చేపలు పట్టడానికా, దాగుడుమూతలు ఆడ్డానికా?"

"రెండు మలుపులే. ఆ టోపీ కళ్లమీదికి లాక్కోండి. మీ ఫోను కూడా ఇలా ఇవ్వండి."

"ఫోనేం చేసిందయ్యా?"

"అది దారి గుర్తుపెట్టుకుంటుంది. ఇష్టం లేదంటే చెప్పండి, ఇక్కడే గాలం వేసుకుందాం. చేప పడకపోతే మాత్రం నన్నడక్కండి."

ఆవిడ గొణుక్కుంటూ టోపీ ముక్కుదాకా లాక్కుంది. ఓరిన్ ఫోను తీసుకుని డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

అతని బాధ అతనిది. ఆ నదిమీద జనాన్ని పడవెక్కించి చేపలు పట్టించేవాళ్లు ఇరవై మంది ఉన్నారు. చలికాలం సముద్రంలోంచి ఏటికి ఎదురీది వచ్చే స్టీల్‌హెడ్ ట్రౌటు చేప మిగతావాళ్లకు వారానికొకటి తగిలితే గొప్ప. ఓరిన్ పడవెక్కినవాళ్లకు మాత్రం చేప తగలని రోజంటూ లేదు. అంతా ఆ రెండు మలుపుల అవతలున్న ఒక మడుగు చలవే. పదకొండేళ్లుగా దాన్ని కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు. వెనకాల ఇంకో పడవ కనిపిస్తే చాలు, ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ దాటిపోతాడు. ఎవరైనా చేపతో ఫొటో దిగుతామంటే వెనకాల ఆకాశం తప్ప చెట్టుకొమ్మ కూడా పడనివ్వడు. కట్టుకున్న పెళ్లానికే చెప్పలేదు. ఆ చోటు బయటపడితే తన కూటికి ఎసరే అని అతని భయం.

మడుగు చేరాక పడవను తెడ్లతో నిలిపి, "ఇక టోపీ తీయొచ్చు," అన్నాడు.

చుట్టూ ఫిర్ చెట్లు, సన్నటి వాన. ఎక్కడా నరమానవుడు లేడు.

"ఆ నల్లటి నీళ్లకి కాస్త ఎగువన వేయండి. ఆఁ, అలాగే. లాగొద్దు! బెండుని దాని మానాన పోనివ్వండి. పడవని కూడా నేను దాని జోరుకే వదుల్తాను. రెండూ జతగా పోతుంటే చేపకి అనుమానం రాదు."

"దారం ఎంత లోతు వదలాలి?"

"అడుగుకి ఒక జానెడు పైన ఉండాలి ఎర. రాళ్లమీద ఈడ్చుకుంటూ పోతే లాభం లేదు."

బ్యూలా రెండోసారి వేయబోతూ కొక్కేన్ని కళ్లదగ్గర పెట్టుకుంది. "ఈ ఎరేమిటి, ఇంత గులాబీరంగులో ఉంది?"

"సాల్మన్ చేప గుడ్లమ్మా. నేనే ఊరబెట్టాను."

"ఊరబెట్టావా! నేనూ ఏటా రెండు జాడీలు దోసకాయలు ఊరబెడతాను. ఉప్పెంత వేస్తావు?"

ఓరిన్‌కు నవ్వొచ్చింది. ఏటి మధ్యలో కూర్చోబెట్టినా ఈవిడకి వంటింటి ధ్యాస పోలేదనుకున్నాడు. అడిగిందే తడవుగా పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. ఒక పాలు ఉప్పు, రెండు పాళ్లు పంచదార, చెంచాడు రంగు, పైన నాలుగు చుక్కలు సోంపు నూనె. రెండు రోజులు చల్లటిచోట మూతపెట్టి ఉంచాలి. రోజూ జాడీ తిప్పాలి కానీ గరిటె పెట్టకూడదు.

"సోంపు నూనే!" అంది బ్యూలా.

"కిటుకంతా అందులోనే ఉంది."

"అన్నీ ఇలా చెప్పేస్తున్నావు, ఎవరన్నా నేర్చేసుకుంటే?"

"నేర్చుకోనివ్వండి. ఎర ఎవడైనా ఊరబెడతాడు. వేసే చోటు తెలియొద్దూ?"

అంతలో బెండు బుడుంగున మునిగింది.

"లాగండి! పైకి, పైకి! ఇప్పుడు వదలండి, పరిగెత్తనివ్వండి!"

పావుగంట సేపు చేప ఆవిణ్ణి లాగిందో, ఆవిడే చేపని లాగిందో చెప్పడం కష్టం. ఆవిడ పెట్టిన కేకలకి ఓరిన్ పైప్రాణాలు పైనే పోయాయి. "నెమ్మదిగా అరవండమ్మా, ఎవరన్నా వింటారు!" అని బతిమాలుతూనే తెడ్లు వేశాడు. చివరికి చేయంత చేప వలబుట్టలో పడింది.

ఓరిన్ దాన్ని నీళ్లలోనే ఉంచి వీపు తడిమాడు. "తోక దగ్గర ఈ చిన్న రెక్క ఉంది చూశారా? పెంపకం చేపకైతే దీన్ని కోసి వదుల్తారు. ఇది ఏట్లో పుట్టిందే. వదిలెయ్యాలి."

"నా చేపనా?"

"చట్టమమ్మా."

"పోవే తల్లీ, నీ పనే బాగుంది," అని ఆవిడ దాన్ని సాగనంపింది.

దిగే రేవు దగ్గరపడింది. ఓరిన్ తెడ్లు ఆపాడు. "ఒట్టు వేస్తేగానీ ఒడ్డుకి పోనివ్వను."

"నా మనవరాళ్లమీద ఒట్టు. ఆ మడుగు సంగతి నా నోటెంట రాదు. సరేనా?"

ఓరిన్‌కు మనసు కుదుటపడింది. ఆవిణ్ణి చెయ్యిపట్టి దించాడు. రేవులో ఆవిడ భర్త పికప్ వ్యానుతో ఎదురుచూస్తున్నాడు. వ్యాను వెనక, ఇంకా నీళ్లు తగలని కొత్త పడవొకటి తళతళలాడుతోంది.

"అదెవరిదమ్మా?" అన్నాడు ఓరిన్.

"మా అబ్బాయిలిద్దరూ కొన్నారు. సోమవారం నుంచి వాళ్లూ నీలాగే జనాన్ని తిప్పుతారట."

ఓరిన్ ఆవిడకి అడ్డంగా వచ్చాడు. "అమ్మా, మనవరాళ్లమీద ఒట్టేశారు! మడుగు సంగతి చెప్పనన్నారు!"

"ఒట్టంటే ఒట్టే నాయనా, నేనెందుకు చెప్తాను?" అంది బ్యూలా, వ్యాను ఎక్కుతూ. "ఆ మడుగుపైన గట్టుమీద, చెట్లచాటున ఉన్న ఇల్లు మాదే, పదకొండేళ్లుగా వంటింటి కిటికీలోంచి ఇంటిల్లిపాదీ నిన్ను చూస్తూనే ఉన్నాం, ఎరలో ఏం కలుపుతావో ఒక్కటే అంత ఎత్తునుంచి తెలిసేది కాదు."