ఆకుపచ్చ అతుకు

కృష్ణప్ప లూనాకు స్టాండు వేసి, పెరట్లో బోర్లించి ఉన్న పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఏం లక్ష్మీ, బెంగళూరులో సముద్రం యాడుండాది? దీన్నేసుకొని యాడికి పోతావు?”

“హలసూరు చెరువుకు మామా. ఆదివారం పోటీ ఉండాది.”

వెంకటలక్ష్మి తలెత్తకుండానే చెప్పింది. చేతిలో ఉప్పుకాగితం, మోచేతుల దాకా తెల్లటి పొడి.

ఒక్కరే కూర్చుని నడిపే చిన్న తెరచాప పడవ అది. ఫైబర్‌గ్లాసుది, బాగా పాతది. ఒడ్డున రాయికి కొట్టుకుని అడుగున జానెడు మేర చీలితే, క్లబ్బు నుంచి తోపుడు బండి మీద ఇంటికి తెప్పించింది. పీణ్యలో ఒక ఫైబర్ కార్ఖానా ల్యాబులో ఆమె ఉద్యోగం. క్లబ్బులో ఈ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

“ఇంత ముసలి పడవ యాలమ్మా? వేరేది తీసుకోకూడదా?”

“దీనికి సాటి పడవ ఆ చెరువులో లేదు మామా. ఇది నీళ్ళలో దిగకపోతే ఆదివారం పోటీకి అర్థమే లేదు.”

లక్ష్మి తల్లి శాంతమ్మ కాఫీ తెచ్చి, తమ్ముడి చేతికి లోటా అందించింది.

“సుమ్నే ఉండప్పా, ఏమీ అనొద్దు. పిల్లకు ఇదే ఆఖరి ఛాన్సు. గెలిచినోళ్ళను మద్రాసు పోటీకి పంపిస్తారంట. పైయేటికి వయసు దాటిపోతుంది.”

“పోయినేడు గెలిచింది ఎవరక్కా? మిఠాయి తెచ్చి మన గుమ్మానికి తల కొట్టుకున్నాడే, ఆ పొడుగాటి యలహంక పిల్లోడు కదా?”

“చంద్రశేఖర్,” అంది లక్ష్మి. “చాలా బాగా నడుపుతాడు మామా.”

శాంతమ్మ ఎన్నడూ చెరువు గట్టు దాకా పోలేదు. కూతురు నీళ్ళ మీద ఒంటరిగా ఉంటే చూసే ధైర్యం ఆమెకు లేదు. ఈ పెరటి పనిని మాత్రం వంటింటి కిటికీలోంచి వదలకుండా చూసింది.

చూసేకొద్దీ కూతురి మీద గౌరవం పెరిగింది. లక్ష్మి చీలిక అంచులను వాలుగా అరగదీసింది. గాజునార చాపను కత్తిరించి, ఒకదానికన్నా ఒకటి కొంచెం పెద్దవిగా ముక్కలు పేర్చుకుంది. జిగురులో గట్టిపడే మందు కలిపి, కుంచెతో పూయకుండా అద్దుతూ పోయింది. మగ్గులో జిగురు వేడెక్కి తీగ సాగగానే మిగిలిందంతా పక్కన పారేసింది.

“పాకం ముదిరినట్టుందే,” అంది శాంతమ్మ.

“అంతేనమ్మా. ముదిరితే ఇంక పట్టుకోదు.”

లడ్డూల పాకం కాస్త ముదిరినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే శాంతమ్మకు ఆ మాట నచ్చింది.

బయటి పక్క గట్టిపడ్డాక పడవను తిప్పి, లోపల కూడా పొరలు వేసింది. ఇంకోసారి చీలకుండా అడ్డంగా ఒక బద్ద అతికించి, దాని మీదా పొర కప్పింది. లోపల పాదాలు ఇరికించుకునే పట్టీ ఒకటి ఉంది. పడవ ఒరిగినప్పుడు దాని ఆసరాతోనే వెనక్కి వాలతారట. అది చివికిపోయిందని కొత్తది కుట్టమంది. శాంతమ్మ మిషను ముందు కూర్చుంది.

“ఇంత పొడుగు పెడితే నీ పొట్టి కాళ్ళకు అందుతుందా?”

“పాతదాని కొలతకే కుట్టమ్మా. ఒక్క వేలు కూడా తగ్గించొద్దు.”

శనివారం కృష్ణప్ప మళ్ళీ వచ్చేసరికి లక్ష్మి రూపాయి బిళ్ళతో అతుకంతా తట్టి వింటోంది. అంతటా టక్కుటక్కుమన్నది ఒక మూల మొద్దుగా మోగింది.

“లోపల గాలి నిలిచింది,” అంటూ ఉలి అందుకుంది.

“గీకొద్దమ్మా. పైన రంగేసెయ్. ఎవరు చూస్తారు?”

“నీళ్ళు చూస్తాయి మామా.”

“ఇంతమాత్రానికే మునిగిపోతుందా ఏం?”

“మునగదు. గాలి గట్టిగా కొట్టినప్పుడు అడుగు వణుకుతుంది. వేగం తగ్గుతుంది.”

“ఎంత తగ్గుతుంది?”

లక్ష్మి ఉలి అంచును బొటనవేలితో తడిమి చూసింది.

“ఓడిపోయేంత.”

తర్వాత ఆ మూలలో ఉలి దించింది.

సాయంత్రానికి అతుకు అంతటా ఒకేలా మోగింది. తెల్ల రంగు లేదు. కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగును శాంతమ్మే అటక మీద నుంచి దించి ఇచ్చింది. తెల్లటి పడవ అడుగున పచ్చటి మచ్చ, విస్తరాకంత.

“ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను,” అంది మురిసిపోతూ.

లక్ష్మి కుంచె కడగడానికి కొళాయి దగ్గరికి పోయింది.

ఆదివారం శాంతమ్మ మొదటిసారి చెరువు గట్టు మీద నిలబడింది. ఆ అతుకు ఎంత గట్టిదో కళ్ళారా చూశాక ఆమెకు భయం పోయింది. పక్కన కృష్ణప్ప. నీళ్ళ నిండా తెల్లటి తెరచాపలే. వాటి చాటున ఎవరు ఎవరో తెలియడం లేదు. ఉన్నట్టుండి గాలి విసిరింది. అన్నిటికన్నా ముందున్న పడవ ఒక పక్కకు ఒరిగింది. నీళ్ళు కారుతున్న అడుగు పైకి లేచి, పచ్చగా మెరిసింది.

“అదిగో,” అంది శాంతమ్మ. “అదిగో మన పడవ.”

దాని వెనకే, చేయి చాస్తే అందేంత దగ్గరలో ఇంకో పడవ తరుముకొస్తోంది. గాలి పెరిగింది. పచ్చ అతుకు పడవ వేగం మాత్రం తగ్గలేదు. ఎర్రజెండా దాటింది. ఈల మోగింది. వెనకాలది ఒక్క మూర తేడాతో వచ్చింది.

“మన లక్ష్మి మద్రాసుకు పోతుందప్పా,” అని శాంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పచ్చ అతుకు పడవ ఒడ్డుకు వచ్చి ఆగింది. తెరచాప వాలింది.

శాంతమ్మ కుట్టిన పట్టీలోంచి పాదాలు తీసుకుని, తన పడవలోంచి చంద్రశేఖర్ దిగాడు. మూర తేడాతో వచ్చిన ఆ వెనకాల పడవలోంచి లక్ష్మి దిగింది.