ఒక బకెట్టు ఇసుక

తెనాలి లేత్ షెడ్డులో అయాజ్ ఒక్కడే ఉన్నాడు. వరసగా ఇది రెండో షిఫ్టు. మెగ్నీషియం ముక్కల్ని లేత్ మీద తిప్పి చెక్కుతున్నాడు. దాని రజను అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పేలుతుంది. పొడి ఇసుకే కప్పాలి. ఇక్కడే పనిచేసే ఫరూక్, నెల కిందట అలా నీళ్లు పోసే చనిపోయాడు. కొల్లిపర దగ్గర కృష్ణ ఒడ్డున కావలసినంత ఇసుకుంది. షెడ్డుకు మాత్రం ఒక్క బకెట్టు రాలేదు.

ఓనరుకు ఫోన్ చేశాడు. "ఇసుకండి, సార్."

"రేపు చూద్దాంలే. బకెట్లో నీళ్లు పట్టి పెట్టుకో."

"ఫరూక్ భాయ్ పోసిందీ అవేనండి."

"ఇంకా వాడి గోలేనా? పని కానివ్వు."

నీళ్లు పట్టి పెట్టాడు. కాసేపటికి బకెట్టు ఖాళీ. కింద తడి లేదు. మళ్లీ పట్టాడు. మళ్లీ ఖాళీ. నిద్ర లేక ఇలా అనిపిస్తోందనుకుని, మూడోసారి పట్టి కాళ్ల దగ్గరే పెట్టుకున్నాడు.

మొండిబారిన టూలు ముక్కకు రాసుకుంది. రజను తెల్లటి మంటతో అంటుకుంది. తెలిసి కూడా, అలసిన చెయ్యి బకెట్టు మీదికే పోయింది.

బకెట్టు కదల్లేదు. వంగి చూశాడు. అంచుదాకా పొడి ఇసుక.

మంట మీద గుమ్మరించాలని రెండు చేతులా పట్టుకున్నాడు. అవతలి వైపు ఎవరో పట్టినట్టు, సగం బరువు అప్పటికే లేచింది.