జార్జి రాసిన కార్డులు

"తొందరపెట్టకు కుమార్. ముందుగాల ఏ యేటిదో తెల్వాలె" అన్నాడు రాజేశం, కార్డును కిటికీ వెలుతురుకు తిప్పుతూ.

"యేడుతోటి నాకేం పని కాకా? ఏం రాసిండో చెప్పు."

శుక్రవారం మధ్యాహ్నం. సౌదీలోని హుఫూఫ్ ఊరి చివర కూలీల క్యాంపులో ఆరు మంచాల గది అది. వారమంతా ఎండలో అరిగిన ఒళ్లు మంచాలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఏసీకి చప్పుడే తప్ప చల్లదనం లేదు. ఊళ్లో ఏసీలన్నీ బాగుచేసే రాజేశం తమ గదిలోని దాన్ని మాత్రం బాగుచేయలేకపోయాడు. సామాను కంపెనీ ఇవ్వలేదు.

రాజేశంకు యాభై మూడేళ్లు. ఇదివరకు ధహ్రాన్‌లో ఒక ముసలి ఇంగ్లీషు దొర ఇంట్లో పనిచేశాడు. పాత పోస్టుకార్డులు పోగుచేయడం ఆ దొరకు పిచ్చి. తన దేశం వెళ్లిపోతూ ఒక కట్ట రాజేశం చేతిలో పెట్టాడు. పదిహేడు కార్డులు, అన్నీ ఒకే చేతిరాత. స్టాంపును, ముద్రను, బొమ్మలోని బట్టలను చూసి కార్డు వయసు చెప్పడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

"పచ్చ స్టాంపు, అర పెన్నీ. జార్జి రాజు బొమ్మ. అంటే 1911 తర్వాతది. ముద్రల జూన్, పదహారు కనవడ్తంది. 1916" అన్నాడు రాజేశం.

కార్డు మీద ఒక లావుపాటి ఆవిడ సన్నటి మొగుణ్ణి గొడుగులా చంకలో ఇరికించుకుని సముద్రపు ఒడ్డున నడుస్తోంది. కుమార్ దాన్ని చూసి కొద్దిగా నవ్వాడు. ఆ నవ్వు కోసమే పక్క మంచం మీది దేవన్న తల ఎత్తి చూశాడు.

కుమార్ కంపెనీ మూతబడి పద్నాలుగు నెలలైంది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఫోన్ ఎత్తడు. అక్కడ ఉండడానికిచ్చే ఇకామా గడువు తీరిపోయింది, కఫీల్ సంతకం లేనిదే దేశం విడిచే ఎగ్జిట్ రాదు. సొంత మండలం వాడని దేవన్న తన గదికి తెచ్చుకున్నాడు. జగిత్యాల దగ్గరి ఊళ్లో కుమార్ భార్య కావ్య ప్రసవించింది. ఆ బిడ్డకు నడక కూడా వచ్చింది. మొదట్లో కుమార్ రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత మానేశాడు. ఆ తర్వాత తిండి మానేశాడు. ఒక సాయంత్రం మిద్దె పిట్టగోడ మీద కాళ్లు బయటికి వేసుకుని కూర్చుంటే దేవన్నే జబ్బ పట్టి కిందికి లాక్కొచ్చాడు.

ఆ మరుసటి శుక్రవారం నుంచే రాజేశం కట్ట విప్పడం మొదలుపెట్టాడు. వారానికి ఒక్క కార్డు.

రాజేశం కళ్లద్దాలు సర్దుకుని గొలుసుకట్టు రాత మీద వేలు పెట్టాడు. "'కాలు పుండు మానింది. మా ఆఫీసరు సంతకం పెడ్తలేడు. పెట్టంగనే వస్త. బిడ్డకు నన్ను యాది చేస్తుండు' అని పెండ్లానికి రాసిండు. కింద జార్జి అని ఉన్నది. రాజు పేరే వీనిది గూడ."

"వానికి గూడ సంతకమే అడ్డమొచ్చిందా?"

"లడాయి రోజులు గదా, వాడు ఫౌజుల ఉండె. అయినా కార్డు రాసుడు మానలే వాడు. నువ్వు కావ్యకు ఫోన్ చేసి ఎన్ని దినాలాయె?"

కుమార్ ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు. రాజేశం కార్డును కట్టలో పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంట పని చేసినవాడిలా అతని చొక్కా తడిసి ఉంది.

పై వారం కార్డు మీద తేదీ వినగానే కుమార్ లేచి కూర్చున్నాడు. "నడుమ ఏడు నెలలు ఏమాయె? సచ్చిపోయిండా?"

"సస్తే ఈ కార్డెట్ల వస్తది? ఇగో, 1917 జనవరి. చేతిరాత అదే. బతికే ఉన్నడు. తారీకు అబద్ధమాడది బిడ్డా."

కుమార్ ఆ ముద్రను వేలితో తడిమి చూశాడు. ఆ పూట రెండు రొట్టెలు తిన్నాడు.

ఆఖరి కార్డుకు ఎర్ర స్టాంపు ఉంది. 1918లో కార్డు రేటు అర పెన్నీ నుంచి పెన్నీ అయిందని, ముద్ర 1919దని, అప్పటికి యుద్ధం ముగిసిందని రాజేశం వివరించాడు. "'శనివారం బండికి వస్తున్న' అని రాసిండు."

"మరి వచ్చిండా?"

"దీని తర్వాత కార్డు లేదు. ఇంటికి పోయినోడు కార్డెందుకు రాస్తడు?"

ఎంబసీ చుట్టూ దేవన్న తిరగగా తిరగగా ఆ నెలలోనే కుమార్‌కు ఎగ్జిట్ వచ్చింది. వెళ్లేరోజు అతను రాజేశం కాళ్లకు మొక్కాడు. "నువ్వు గా కార్డులు సదవకపోతే నేను లేను కాకా" అన్నాడు. రాజేశం అతని వీపు తట్టాడు.

రెండు వారాల తర్వాత హరనాథ్ క్యాంపుకు వచ్చాడు. రాజమండ్రి మనిషి, ధహ్రాన్‌లో ఇంజనీరు. బ్రిటిష్ పోస్టుకార్డులు సేకరిస్తాడు. హుఫూఫ్‌లోని తన సైటులో పనిచేసే దేవన్న మాటల్లో ఈ కట్ట సంగతి విని చూడ్డానికి వచ్చాడు. రాజేశం ఒక్కో కార్డుకూ సంవత్సరం చెబుతుంటే ఆయన భూతద్దం పెట్టి సరిచూశాడు.

"పదిహేడింట్లో ఒక్కటీ తప్పు లేదయ్యా! నాకు పదేళ్లు పట్టింది ఇది నేర్చుకోడానికి. ఇవి నాకిస్తావా?"

"తీస్కోండ్రి సార్. కని ఇండ్ల ఏం రాసున్నదో ఒక్కసారి నాకు సదివి చెప్పుండ్రి."

హరనాథ్ నవ్వాడు. "అదేంటి? వారం వారం నువ్వే చదివి వినిపించేవాడివని దేవన్న చెప్పాడే!"

రాజేశం గుమ్మం వైపు చూశాడు. దేవన్న ఇంకా పని నుంచి రాలేదు. గదిలో ఎవరూ లేరు. అతను కళ్లద్దాలు తీసి, చాలాసేపు చొక్కా అంచుతో తుడిచాడు.

"నాకు ఇంగ్లీషు రాదు సార్."