తీసి ఇచ్చే ముడి

ఊరి బయటి అంటరానివాళ్ళ పల్లెలోకి అడుగుపెట్టే ముందు మునిరత్నం పంచె మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకున్నాడు. బురద లేదు. ఆ వేసవిలో కడపలో ఎవరూ బురద చూడలేదు. అయినా ఎత్తి పట్టుకున్నాడు.

చర్చి వెనక రెండో ఇల్లు ఏసేపుది. అతను ఒక తెల్లదొర బంగళాలో బట్లరుగా పనిచేసి ఆ మధ్యే పోయాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల టై ముడి వెయ్యడం తెలిసినవాడు అతని కొడుకు దావీదురాజు ఒక్కడే.

"ఒరే దావీదూ!"

దావీదురాజు వసారాలో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. దొరల బట్టలు కాబోలు అనుకున్నాడు మునిరత్నం. తండ్రి పోయినా ఆ ఇంటికి చాకిరీ పోలేదు.

"ఏం చిన్నశెట్టీ, ఇంత ఎండలో వచ్చినావు?"

"రేపు గనుల కంపెనీలో ఇంటర్వ్యూ ఉండాది. ఆర్నెల్లు పని నేర్పి గుమాస్తాగా తీసుకుంటారంట. ఉండేది ఒక్కటే ఉద్యోగం. టై లేకుండా వస్తే గడప తొక్కనియ్యమని కాగితంలోనే రాసినారు. అయినా ఇవన్నీ నీకెందుకులే, ముడెయ్."

ఉద్యోగం రాకపోతే ఎల్లుండి నుంచి నూనె అంగట్లో కూర్చోవాలని తండ్రి కేశవయ్య తేల్చి చెప్పిన సంగతి మాత్రం మునిరత్నం చెప్పలేదు. కాలేజీలో ఎఫ్.ఏ. దాకా చదివినవాడు జిడ్డు గరిటె పట్టుకోవడమా!

మద్రాసు నుంచి బావ పంపిన టైని అరుగు అంచున పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఎర్రపట్టు మీద చిలకపచ్చ పూలు.

దావీదురాజు దాన్ని వేళ్ళతో తడిమాడు.

"ఒక మాట చెప్తా, కోపం జేసుకోవద్దు. పట్టు శానా బాగుండాది. పెండ్లికైతే దీన్ని మించింది లేదు. ఉద్యోగానికి పోయేటప్పుడు మాత్రం ముదురు రంగుది, పూలు లేనిది కట్టుకోవల్లంట. పూలు జూస్తే వీనికి పనికంటే సోకే ఎక్కువనుకుంటారంట దొరలు. మా నాయన చెప్తాండె."

"ఓహో! నువ్వు నాకు సోకులు నేర్పిస్తాండావా?" అన్నాడు మునిరత్నం.

అన్నాడే గానీ కళ్ళు గోడ మీది కొయ్యకు పోయాయి. అక్కడ ముదురు నీలం టై ఒకటి వేలాడుతోంది. ఒక్క పువ్వు లేదు.

"అదెవరిది?"

"ఒకాయనది. రేపు కావల్ల ఆయనకు."

లోపలి నుంచి దావీదురాజు తల్లి జీవమ్మ గబగబా వచ్చింది. "చిన్నశెట్టీ, అది మా..."

"నువ్వుండుమ్మా," అన్నాడు దావీదురాజు.

"ఎవురప్పా ఆ ఒకాయన? నాకంటే గొప్పోడా?" మునిరత్నం నవ్వాడు. "అది నాకియ్. ఆయనకు నా పూలది ఇయ్. వద్దంటే మీ మేక మెడకు కట్టు."

జీవమ్మ కేశవయ్య గానుగ దగ్గర శెనక్కాయలు వలిచే కూలి. వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోయింది. దావీదురాజు ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసి, నీలం టై కొయ్య మీది నుంచి తీశాడు.

ముడికి అక్కడ ఒక పద్ధతి ఉంది. పల్లెవాడి చెయ్యి శెట్టి మెడకు తగలకూడదు. అందుకని దావీదురాజు టైని తన మెడకే వేసుకొని, ముడి బిగించి, సైజు చూసి, వదులు చేసి, తల మీదుగా తీసి అరుగు మీద పెడతాడు. వచ్చినవాడు ఉచ్చులో తల దూర్చినట్టు దూర్చుకుంటే చాలు. మడికి మడి, ముడికి ముడి.

ఇంటికి తిరిగొచ్చిన మునిరత్నాన్ని గుమ్మంలోనే అవ్వ చెన్నమ్మ ఆపింది.

"ఇది వాని మెడలో ఉన్నిందా?"

"ముడి విప్పొద్దవ్వా! విప్పితే మళ్ళీ నాకు రాదు."

చెన్నమ్మ విప్పలేదు. ముడితో సహా చెంబెడు పసుపునీళ్ళలో ముంచి తీసి తీగ మీద ఆరేసింది. నీలం మీద పసుపు కనబడలేదు. శుద్ధి అయిపోయింది.

మర్నాడు కంపెనీ వరండాలో ఆరుగురు కూర్చున్నారు. ఒకడి టై బర్రె మెడలో పలుపులా ఉంది. ఇంకొకడిది బొడ్డు కిందికి జారింది. మునిరత్నం తన ముడి తడుముకుని చల్లగా నవ్వుకున్నాడు.

"ఏడుగుర్ని పిలిచినారు, ఒకాయన ఇంగా రాలేదు," అన్నాడు బంట్రోతు కంబన్న.

"టై దొరికుండదులే పాపం," అన్నాడు మునిరత్నం. అందరూ నవ్వారు.

ఆరో పేరు మునిరత్నానిది. కంపెనీ దొర టై చూసి తల పంకించాడు. మార్కులు చూసి మళ్ళీ పంకించాడు. గదిలో ఉక్కగా ఉంది. మునిరత్నానికి చెమట ధారలు కట్టింది. దొర చూపు కాలరు మీద ఆగిపోయింది. తెల్లటి కాలరు చుట్టూ పసుపుపచ్చ మరక ఊరుతోంది.

"నీకు కామెర్లా?" అన్నాడు దొర, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

కాదని చెప్పాడు. ఏమిటో మాత్రం చెప్పలేకపోయాడు.

"సరే, బయట మెడ కడుక్కుని, టై మళ్ళీ కట్టుకుని రా. ఈలోగా ఏడో మనిషిని చూస్తాను. అతని పని అయ్యేసరికి నువ్వు సిద్ధంగా లేకపోతే ఇంకెవర్నీ చూడను."

నీళ్ళతొట్టి దగ్గర కంగారుగా లాగేసరికి ముడి కాస్తా విడిపోయింది. మునిరత్నం చేతిలో నీలంగుడ్డ ఒకటి మిగిలింది. తల తిప్పి చూస్తే, వేపచెట్టు కింద ఇటు వీపు పెట్టి నిలబడిన మనిషి. ఇస్త్రీ చొక్కా. ఆ వీపు తెలుసు.

"ఒరే దావీదూ! దేవుడు పంపినట్టు వచ్చినావు! రా, గబగబా నీ మెడకేసుకొని ముడేసి తీసియ్!"

దావీదురాజు ఇటు తిరిగాడు.

వరండాలో నుంచి కంబన్న ఏడో పేరు పిలిచాడు. దావీదురాజు ఎర్రపట్టు మీది చిలకపచ్చ పూలను ఒకసారి సర్దుకుని, మెడలోని ముడిని ఈసారి తీసి ఎవరికీ ఇవ్వకుండా, దొర గదిలోకి నడిచాడు.